కొలవకుండా నన్ను మార్చకండి: ఓ కూలెంట్ సెన్సార్ ఆత్మకథ

మాంగనీసు, నికెల్, కోబాల్ట్ లాంటి లోహాల ఆక్సైడ్లు కలిపి కాల్చిన చిన్న పూస నా ప్రాణం. దానికి ఇత్తడి తొడుగు వేసి, వెనక రెండు పిన్నులు పెట్టి, ఇంజిన్‌లో కూలెంట్ పారే దారిలో థర్మోస్టాట్ పక్కన బిగించారు. కార్బురేటర్లు పోయి ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే పద్ధతి) వచ్చిన రోజుల నాటి పెట్రోలు కారు మాది. నాకు తెలిసిన విద్య ఒక్కటే: వేడి పెరిగేకొద్దీ నా నిరోధం తగ్గుతుంది. నాబోటి వాటిలో చాలావాటికి 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు ఉండే నిరోధం 80 డిగ్రీలకు మూడు వందల చిల్లరకు దిగిపోతుంది. ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ అయిన ఈసీఎం తన లోపలి నిరోధకం గుండా 5 వోల్టులు పంపి, నా దగ్గర ఎంత నిలిచిందో చూసి ఉష్ణోగ్రత లెక్క కడుతుంది. పెట్రోలు ఎంత చిమ్మాలి, ఐడ్లింగ్ ఎంత ఉండాలి, చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిరగాలి, అన్నీ ఆ లెక్కమీదే. కాగిన ఇంజిన్‌ని నేను చల్లగా ఉన్నట్టు చూపిస్తే పెట్రోలు అదనంగా పోతుంది. మైలేజీ పడిపోతుంది, పొగ నల్లబడుతుంది, ప్లగ్గులు మసిబారతాయి.

ఈ లక్షణాలు కనబడగానే అందరి వేలూ నావైపే తిరుగుతుంది. నా అభ్యంతరం అక్కడే. ఈసీఎంకి నేను కనబడను, వోల్టేజి మాత్రమే కనబడుతుంది. వైరు తెగినా, ఆ వైరుని నాకు తగిలించే కప్లర్‌లో చిలుము పట్టినా దానికి చలిలాగే తోస్తుంది. ఈసీఎం లెక్కల్ని చూపించే స్కానర్ తెరమీద మైనస్ 40 పడిందంటే సర్క్యూట్ ఎక్కడో తెగిందన్నమాట. చలికి పేరుపడ్డ లంబసింగిలో కూడా అంత చలి పుట్టదు. ఇక, ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వెళ్ళనివ్వని థర్మోస్టాట్ సంగతి. మన ఎండలకు అదెందుకని పీకి పారేసే మెకానిక్‌లు ఉన్నారు. అప్పుడు హైవే మీద ఇంజిన్ నిజంగానే సరిపడా వేడెక్కదు. నేను ఉన్నమాట చెబుతాను, నింద నాకే వస్తుంది.

‘చవక సామానే కదా, మార్చేసి చూస్తే పోలా’ అంటారు. చవకే, కాదనను. కానీ తప్పు వైరుదైతే కొత్త సెన్సార్ వేసినా జబ్బు అలాగే ఉంటుంది. పైగా నన్ను తియ్యాలంటే కూలెంట్ వంపాలి, మళ్ళీ నింపాలి, లోపల చేరిన గాలి పోగొట్టాలి. పరీక్షకు ఇంత శ్రమ లేదు. కప్లర్ పీకితే చాలా కార్లలో స్కానర్ మైనస్ 40కి పడిపోవాలి. కప్లర్‌లోని రెండు కొసల్నీ సన్న వైరుతో కలిపితే అంకె వంద దాటి పైకి ఎగబాకాలి. రెండూ జరిగితే వైరింగ్, ఈసీఎం బాగున్నట్టే. అప్పుడు నా పిన్నులకు మల్టీమీటర్ పెట్టి, వచ్చిన ఓమ్‌లను సర్వీస్ మాన్యువల్ పట్టికతో పోల్చాలి.

‘కోడ్ ఏమీ రాలేదు, అంటే సెన్సార్ బాగున్నట్టే’ అనేది మరో వాదన. ఇది నాకు అనుకూలమే అయినా ఒప్పుకోను. నా సర్క్యూట్ లోపాన్ని చెప్పే పీ0117, పీ0118 కోడ్లు వోల్టేజి హద్దులు దాటితేనే వస్తాయి. ముసలితనంతో నేను 90 డిగ్రీల వేడిని 60 అని చూపిస్తుంటే, 60 కూడా నమ్మదగ్గ అంకే కాబట్టి పాత ఈసీఎం చాలాసార్లు పట్టుకోలేదు. మీటర్ బోర్డులో ముల్లు సరిగ్గా ఉందన్న ధీమా కూడా పనికిరాదు. చాలా పాత కార్లలో ఆ ముల్లుకి వేరే సెన్సార్ ఉంటుంది. రాత్రంతా నిలిపి ఉంచిన కారుకి పొద్దున్నే స్టార్ట్ చెయ్యకుండా కీ మాత్రం తిప్పండి. నా అంకె, ఇన్‌టేక్ గాలి సెన్సార్ అంకె దాదాపు ఒకటిగా ఉండాలి. ఆ తర్వాత ఇంజిన్ వేడెక్కుతుంటే నా అంకె కుదుపుల్లేకుండా ఎక్కాలి. అలా జరక్కపోతే, వైరింగ్ బాగుంటే, దోషం నాదే. మార్చెయ్యండి.

మార్చేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడిమీద రేడియేటర్ మూత తీస్తే కూలెంట్ మొహాన చిమ్ముతుంది. వాషర్ కొత్తది వెయ్యాలి. అల్యూమినియం మరలో ఇత్తడిని బలంకొద్దీ బిగిస్తే మర పోతుంది, అది నాకంటే ఎన్నో రెట్లు ఖర్చు. లోపల గాలి మిగిలితే కొత్తదాని కొన కూలెంట్‌లో మునగదు, అదీ తప్పే చెబుతుంది. పాత కారు ఉన్నవాళ్ళకు నా మనవి: మెకానిక్ ‘సెన్సార్ పోయింది’ అంటే, ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని ఓమ్‌లు చూపించిందో అడగండి.