మూడో వైరు

డిప్లొమా రెండో ఏడాది పిల్లలకు ఆ మధ్యాహ్నం డిజిటల్ ల్యాబ్. మూడు ఇన్‌పుట్ల యాండ్ గేటు కట్టాలి. ఐసీ పెట్టుకుంటే రెండు నిమిషాల పని. అయినా నేను ప్రతి ఏడూ దీన్ని డయోడ్లతోనే కట్టిస్తాను. ఐసీ లోపల కరెంటు ఏ దారిన పోతోందో కంటికి కనపడదు. డయోడ్లయితే ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి, ఇది కండక్ట్ చేస్తోందా లేదా అని అడగొచ్చు. ఆ ఒక్క ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే ఎలక్ట్రానిక్స్ సగం వచ్చినట్టే.

సర్క్యూట్ చాలా చిన్నది. 5 వోల్టుల సప్లై నుంచి ఒక కిలో ఓమ్ రెసిస్టర్. దాని రెండో కొస దగ్గర మూడు 1ఎన్4148 డయోడ్ల యానోడ్లు కలుస్తాయి. అవుట్‌పుట్ అక్కడే తీసుకుంటాం. అవతల నల్ల గీత ఉన్న కాళ్ళు మూడూ మూడు ఇన్‌పుట్లు. 5 వోల్టులకు కలిపితే ఒకటి, గ్రౌండ్‌కి కలిపితే సున్నా. మూడూ ఒకటైతేనే అవుట్‌పుట్ ఒకటి. అందులో ఏ ఒక్కటి సున్నా అయినా ఆ డయోడ్ అవుట్‌పుట్‌ను కిందికి లాగేస్తుంది.

చివరి బల్ల దగ్గర ఒకమ్మాయి ఒంటరిగా కడుతోంది. మొదట పిలిచింది, సున్నా రావాల్సిన చోట మీటరు 0.7 చూపిస్తోందని. ఎక్కడిదా 0.7 అని అడిగాను. కాసేపు ఆలోచించి, “డయోడ్ డ్రాప్ సార్. అంటే ఇది ఆన్‌లో ఉంది” అంది. ముచ్చటేసింది. ఏటా సగం మంది ఆ 0.7ని చూసి కంగారుపడి కట్టిందంతా పీకేస్తారు.

పది నిమిషాలకు మళ్ళీ పిలిచింది.

“సార్, మూడో వైరు పీకేశాను. అయినా అవుట్‌పుట్ ఐదే చూపిస్తోంది. మీటరు పాడైనట్టుంది.”

“మీటరు బాగానే ఉందమ్మా. మూడో డయోడ్ కండక్ట్ చేస్తోందా?”

“చేయాలి కదా సార్. వైరు లేదంటే సున్నాయేగా.”

“సరే, చేస్తోందనే అనుకుందాం. కరెంటు రెసిస్టర్ దిగింది, డయోడ్‌లోకి వెళ్ళింది, గీత దాటింది. అక్కణ్ణించి ఎటు పోతుంది?”

ఆ అమ్మాయి చూపు బ్రెడ్‌బోర్డు మీద డయోడ్ వెంట నడిచి, గీత ఉన్న కాలి దగ్గర ఆగిపోయింది. దాని పక్క రంధ్రం ఖాళీగా ఉంది.

“ఎటూ పోదు సార్. దారే లేదు. అంటే... ఆఫ్.”

డయోడ్ల లెక్కంతా ఇంతే. మూడు డయోడ్లుంటే ఎనిమిది అవకాశాలు. ఒకదాన్ని నిజమనుకుని మొదలుపెడతాం. ఆన్ అనుకున్నదాంట్లో కరెంటు సరైన దిక్కున పారుతోందా? ఆఫ్ అనుకున్నదాని రెండు కొసల మధ్యా 0.7 వోల్టులకు తక్కువే ఉందా? ఎక్కడ తేడా వచ్చినా మన ఊహ తప్పు, మళ్ళీ మొదటికి రావాలి. అనుకున్నది పట్టుకుని కూర్చుని మీటరును తప్పుపట్టకూడదు.

అందరినీ ఆ బల్ల చుట్టూ పిలిచాను. వైరు వదిలేస్తే ఏమవుతుందన్నది పుస్తకంలో ఒక్క వాక్యంలో పోతుంది, పిల్లల బుర్రల్లోంచి ఆ ఒక్క వాక్యమే జారిపోతుంది.

“ఈ గేటులో వద్దు అని చెప్పాలంటే వైరు వదిలేస్తే సరిపోదు. గ్రౌండ్‌కి కలపాలి. అప్పుడు 5లో 0.7 పోగా మిగిలిన 4.3 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి. 4.3 మిల్లీయాంపియర్లు పారతాయి. మిగతా రెండూ సరేనంటే ఆ మొత్తం కరెంటును వద్దన్న ఆ ఒక్క డయోడే మోయాలి. సరేనన్న డయోడ్ల మీద ఏ బరువూ ఉండదు. ఏమీ చెప్పకుండా గాల్లో ఉన్న దాన్ని కూడా ఈ గేటు సరేనన్నవాళ్ళ లెక్కలోనే వేసుకుంటుంది. ఆర్ గేటులో అయితే వదిలేసిన వైరు సున్నాతో సమానం. యాండ్‌లో మాత్రం ఒకటే. మౌనం అర్ధాంగీకారం అంటారు చూశారూ, ఇక్కడ అది పూర్తి అంగీకారం.”

పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి రికార్డులో పరిశీలన అన్న చోట ‘కలపని ఇన్‌పుట్ = 1’ అని రాసుకొచ్చింది. ఎర్ర సిరాతో సంతకం పెడుతుంటే జేబులో ఫోను వణికింది. అన్నయ్య.

“ఊరెళ్ళొచ్చావటగా. ఇంటి సంగతి ఎత్తావా? అమ్మ ఏమందిరా?”

ఆదివారం ఎత్తాను. అమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. బేరం వచ్చిందమ్మా, మంచి ధర, మా ఇద్దరికీ ఇష్టమే, నువ్వేమంటావ్ అన్నాను. తలెత్తలేదు. చేతిలో ఉన్న కాయను అటూ ఇటూ తిప్పింది. ఈనె తీయకుండానే పళ్ళెంలో వేసేసి ఇంకోటి అందుకుంది.

“ఏమీ అనలేదన్నయ్యా.”

“హమ్మయ్య! వద్దంటుందేమోనని హడలి చచ్చాను. అయితే ముగ్గురం సరేనన్నట్టే. వాళ్ళు ఎదురుగానే ఉన్నారు, బయానా తీసేసుకుంటున్నా.”

పెట్టేశాడు. బల్ల మీద రికార్డు తెరిచే ఉంది. నా సంతకం ఇంకా ఆరలేదు. వెంటనే తిరిగి చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నాలుగోసారి ఎత్తేసరికి డబ్బు లెక్కపెట్టుకోవడం కూడా అయిపోయింది.

నాన్న పోయాక ఆ ఇల్లు మా ముగ్గురి పేరు మీదికి వచ్చింది. బయానా తీసుకున్న నెల తిరక్కుండా అమ్మకం రిజిస్ట్రేషన్ జరిగింది. ముందు అన్నయ్య సంతకం పెట్టాడు, తర్వాత నేను. మూడోది అమ్మ. రాతకోతలు చూసేవాడు వేలు పెట్టి చూపించిన చోటల్లా పెట్టింది.

అప్పుడు కూడా ఏమీ అనలేదు.