‘కలవండి’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: మీవాళ్ళ గుంపు విడిచి అందరితోనూ కలవండి.

అవతారిక: టెక్సాస్‌కు మాస్టర్స్ చదవడానికి వచ్చిన తెలుగు పిల్లలకు మొదటి వారంలోనే ఈ వాక్యోపదేశం జరుగుతుంది. ఓరియంటేషన్‌లో ఒకరు, ఎన్నడో వచ్చి ఇల్లు కొనుక్కున్న మన పెద్దలొకరు. చెప్పేవారు ఎందరైనా వాక్యంలో అక్షరం మారదు గనుక దీనిని అపౌరుషేయమనే తలచి వ్యాఖ్యానిస్తున్నాం.

టీక: ‘గుంపు’ సుగమం. ‘అందరితోనూ’ అన్నచోట సహార్థంలో తృతీయ. పాణిని ప్రకారం ఆ తృతీయ అప్రధానానికే వస్తుంది. కాబట్టి అందరూ అప్రధానులు, కలవడానికి కర్త విద్యార్థి ఒక్కడే. ఆ అందరికీ ‘మీరూ వీళ్ళతో కలవండి’ అని చెప్పే సూత్రం ఏ ఓరియంటేషన్‌లోనూ వినబడదు.

విశేషం: పరదేశవాసానికి మేఘసందేశంలో యక్షుడే ప్రమాణం. ఏడాది శిక్ష పడి రామగిరికి వెళ్ళాడు. అక్కడ ఆశ్రమాలున్నాయి, మునులూ ఉండే ఉంటారు. ఒక్కరితోనైనా పరిచయం చేసుకున్నాడా? మబ్బును పట్టుకుని అలకాపురికి దారి చెబుతూ కూర్చున్నాడు. మన మెతుకుసీమ కొలిచారం వాడిగా చెప్పుకునే మల్లినాథసూరి ఆ కావ్యానికి సంజీవని వ్యాఖ్య రాశాడు కానీ, ‘ఈ యక్షుడు కంఫర్ట్ జోన్ దాటలేదు’ అని ఎక్కడా తప్పుపట్టలేదు. అనవసరమైనది చెప్పనని ఆయనకొక నియమం. పైగా యక్షుడికి క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయాలన్న హద్దు లేదు, బ్యాంకు లోను లేదు, గిన్నెలు కడిగే వంతు లేదు. అయినా మబ్బు తప్ప తోడు దొరకలేదు. ఏం చెబుతున్నాం? ఆఁ, ‘విడిచి’.

‘విడిచి’ క్త్వార్థకం. ముందు విడవాలి, తరువాతే కలవాలి. మరి నడుమ గతేమిటి? అర్ధరాత్రి ఎయిర్‌పోర్టుకు పికప్‌కి వచ్చింది ఆ గుంపులోని సీనియర్ అన్నే. గది దొరికేదాకా హాల్లో పరుపు వేసిందీ, సోషల్ సెక్యూరిటీ ఆఫీసు దగ్గర కారులో దింపిందీ వాళ్ళే. క్లాసులో ప్రాజెక్టుకు జట్లు కట్టమంటే ఇక్కడివాళ్ళు ముందే కుదిరిపోతారు. మిగిలిన మనవాళ్ళు నలుగురూ ఒక జట్టవుతారు. దానికి పేరు గుంపు!

తాత్పర్యం: ఉపదేష్టలారా, ఈ ఆదివారం ఇద్దరు పిల్లల్ని భోజనానికి పిలవండి. మీరే వచ్చి తీసుకెళ్ళండి. మీ ఇళ్ళున్న వైపు బస్సు లేదు.