నన్ను ఉలవచారనే పిలవండి

నేను ఉలవచారును. ఎడ్ల దాణా కుండలో పుట్టాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు చిన్నతనమేమీ లేదు. రాత్రంతా నానిన ఉలవల్ని పెద్ద కుండకెత్తి, నిండా నీళ్లు పోసి ఉడికిస్తే గింజలు దుక్కిటెడ్లకూ పాడిగేదెలకూ పోయేవి. మిగిలిన ముదురు రంగు నీటిని పారబోయడానికి మెట్టరైతు ఇల్లాలికి మనసొప్పలేదు. దాన్ని మళ్లీ పొయ్యెక్కించి, చింతపండు పులుసు, ఉల్లిపాయలు, మిరపకాయలు వేసి, చిక్కబడేదాకా సన్నసెగ మీద మరగనిచ్చి తాలింపు పెట్టింది. అదే నేను. నా గింజ వానలు వెనకబట్టిన ఏడాది కూడా ఎంతోకొంత పండుతుంది. దక్కనులో నవీన శిలాయుగపు ఊళ్లను తవ్వినప్పుడు నాలుగు వేల ఏళ్ల నాటి మాడిన ఉలవలు బయటపడ్డాయి. వంద గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఇంత వెనకటి పుట్టుక ఉన్న నన్ను ఈనాటి మెనూ కార్డు రెండు మాటల్లో తేల్చేస్తోంది: ‘హార్స్‌గ్రామ్ సూప్’. మెనూలోని పేరు తినేవాడికి అందే మొదటి సూచన. ఏ రుచికి సిద్ధపడాలో, దేనితో కలుపుకోవాలో, ఎంత వడ్డించుకోవాలో ఆ పేరును బట్టే ఊహించుకుంటాడు. ఆ సూచన తప్పితే వంట ఎంత బాగా కుదిరినా లాభం లేదు. అందుకే నా పేరును నాకు వదిలేసి, నోరూరించే పని దాని కింద రాసే ఒక్క వాక్యానికి అప్పగించమంటున్నాను.

ముందు గుర్రం సంగతి. మద్రాసు ప్రెసిడెన్సీలో దొరలు తమ గుర్రాలకు ఉలవలు పెట్టేవారు. వాళ్లు ఈ గింజను ఎక్కువగా చూసింది గుర్రపుశాలలోనే కాబట్టి, పేరునూ అక్కడి నుంచే తీసుకున్నారు. కన్నడవాళ్లు హురళి అని, తమిళులు కొళ్లు అని, హిందీవాళ్లు కుల్థీ అని పిలుచుకుంటూ దీన్ని ఇంట్లో వండుకు తింటూనే ఉన్నారు. ఆ పేర్లలో ఎక్కడా జంతువు లేదు. నిఘంటువులో ఉన్న పేరు రాయడమే నిజాయితీ కదా అని కొందరంటారు. వృక్షశాస్త్ర గ్రంథంలో, విత్తనాల సంచి మీద ఆ పేరు ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. భోజనానికి కూర్చున్నవాడికి మాత్రం అది గింజ ఎవరి మేతో చెబుతుంది తప్ప నా వాసన గురించి, పులుపు గురించి, చిక్కదనం గురించి ఒక్క ముక్క చెప్పదు. పేరులోని ఒక్క మాట మంచి పంటకు ఎంత అడ్డం పడుతుందో కెనడావాళ్లకు తెలుసు. అక్కడ రేప్‌సీడ్ నుంచి వంటకు పనికొచ్చే మేలురకం తయారుచేసినప్పుడు, 1978లో దానికి కనోలా అని పేరు పెట్టుకున్నారు. నాకు అలా కొత్తపేరు వెతికే శ్రమ కూడా అక్కర్లేదు. ఉన్న పేరే బాగుంది.

‘సూప్’ అన్న రెండో మాట చేసే చెరుపు ఇంకా పెద్దది. సూప్ అనగానే బయటివాడు చెంచా పుచ్చుకుని భోజనానికి ముందు గిన్నెడు తాగబోతాడు. నేను అలా తాగడానికి మరిగినదాన్ని కాను. గంటల తరబడి నీరు ఇగిరిపోయి, ఉప్పూ పులుపూ కారమూ ఒక్కచోట గట్టిపడ్డదాన్ని. వేడివేడి అన్నంలో రెండు గరిటెలు కలిపి, పైన వెన్నముద్దో మీగడో వేస్తేనే నా ఘాటు అదుపులోకి వచ్చి రుచి తెలుస్తుంది. ఒట్టిగా తాగినవాడు రెండో చెంచాకే గిన్నె పక్కకు నెడతాడు. తప్పు అతనిది కాదు, కార్డుది. నా చుట్టం మిరియాల చారుకు ఇంతకుముందే ఇలా జరిగింది. తమిళుల మిళగు తన్నీర్‌ను మద్రాసులోని ఆంగ్లేయులు ముల్లిగటానీ అన్నారు. సూప్ వరసలో కూర్చోబెట్టాక దానికి మాంసం వచ్చి చేరింది, పిండి వచ్చి చేరింది. చివరికి ఇంగ్లండులో డబ్బాల్లో అమ్ముడుపోయే ఆ పదార్థాన్ని చూసి మన చారు అని ఏ తెలుగువాడూ గుర్తుపట్టలేడు. పేరు మారినప్పుడు వంట కూడా దాని వెంటే నడిచిపోతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నా విషయంలోనూ ఆ నడక మొదలైంది. ‘క్రీమీ సూప్’ అని రాసిన వంటింట్లో గంటల మరుగుకు ఓపిక ఉండనక్కర్లేదు. కాస్త పిండి, కాస్త క్రీమ్ చాలు. ఆ పేరు చూసి వచ్చినవాడు చిక్కదనం ఎక్కడి నుంచి వచ్చిందని అడగడు.

కొత్త పేరు పెట్టుకుని దేశదేశాలూ గెలిచినవి లేవా అని అడగొచ్చు. ఉన్నాయి. చైనాలోని యిచాంగ్ నుంచి 1904లో న్యూజీలాండ్‌కు విత్తనాలుగా వెళ్లిన పండు ఒకటుంది. కొన్నాళ్లు చైనీస్ గూస్‌బెర్రీ అనిపించుకుని, 1959లో అమెరికా బజారు కోసం కివీఫ్రూట్ అయింది. బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. కానీ ఈ రోజు తినేవాళ్లలో చాలామందికి అది న్యూజీలాండ్ పండే. పుట్టిన కొండలకు ఆ పేరులో చోటు దక్కలేదు. పటగోనియన్ టూత్‌ఫిష్‌కు 1977లో ఒక అమెరికన్ వ్యాపారి చిలియన్ సీ బాస్ అని పేరు పెట్టాడు. అది అసలు బాస్ జాతి చేపే కాదు. ఆ పేరుతో గిరాకీ ఎంత పెరిగిందంటే, 1990ల నాటికి దక్షిణ సముద్రాల్లో దొంగవేట పెద్ద సమస్యైపోయింది. అమ్మకమే కొలతైతే ఈ రెండు పేర్లూ గొప్పవే. తరతరాలుగా వండుకుంటున్నవాళ్లు ఉన్న వంటకానికి ఆ ఒక్క కొలత సరిపోదు. నన్ను మరగించిన చేతులు నా పేరులోంచి మాయమయ్యేటట్లయితే ఆ గెలుపు నాకు వద్దు.

పారబోతల బాధ నాకు కొత్త కాదు కాబట్టే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. ట్రాక్టర్లు వచ్చాక దొడ్లో ఎడ్లు తగ్గాయి. ఎడ్లు లేని ఇంట్లో ఉలవలు ఉడకబెట్టే కుండతో పని లేదు, కుండ లేనిచోట నేనూ లేను. నీళ్లందిన మెట్టల్లో ఉలవచేలు పోయి, డబ్బు తెచ్చే పంటలు వచ్చాయి. పిడకల సెగ మీద ఒక పూటంతా కాచుకునే తీరిక గ్యాసు పొయ్యికి ఏముంది? పశువుల తిండి అన్న ముద్ర వేసి, నాలుగు డబ్బులు కూడగానే నన్ను వంటింట్లోంచి వెళ్లగొట్టిన ఇళ్లూ ఉన్నాయి. తర్వాత పెళ్లి విందులూ పట్నపు హోటళ్లూ నన్ను మళ్లీ పిలిచాయి. ఉలవచారు బిర్యానీ వచ్చింది, 2014లో ఆ పేరుతో ప్రకాశ్ రాజ్ దర్శకత్వంలో సినిమా కూడా వచ్చింది. సినిమా పోస్టరు మీద నిలబడగలిగిన పేరు ఇంగ్లీషు మెనూ మీద ఎందుకు నిలబడదు? నోరు తిరగదంటారు. ఇడ్లీ, దోసె ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కలేదా? జపాను సుషీ, కొరియా కిమ్చీ తమ పేర్లతోనే ఊరూరా తిరగడం లేదా? బీజింగ్ ఒలింపిక్స్ వేళ చైనీయుల వంటకాలకు ఇంగ్లీషు పేర్లు స్థిరపరిచినవాళ్లు కూడా జియావోజ్‌ను జియావోజ్‌గానే ఉంచారు. రుచి నచ్చితే నాలుక పేరు నేర్చుకుంటుంది.

అయినా తెలియని పేరు ఒక్కటే ఉంటే ఆర్డరు రాదన్న భయంలో నిజముంది, దాన్ని కొట్టిపారేయను. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనమే ఇందుకు ఆధారం. యూనివర్సిటీ భోజనశాలలో అవే కూరగాయలను, అదే వండే తీరుతో, రోజుకో రకం పేరుతో పెట్టారు. ఊరించే వర్ణన ఉన్న రోజు, మామూలు పేరున్న రోజుకన్నా 25 శాతం ఎక్కువమంది వాటిని తీసుకున్నారు. ఆరోగ్యం కోసం ఫలానాది తగ్గించామని రాసిన రోజుతో పోలిస్తే ఆ తేడా 41 శాతం. ఈ లెక్క నా వైపే మాట్లాడుతోంది. ఊరించే పని వర్ణన చేయగలిగినప్పుడు పేరును బలిపెట్టడం దేనికి? ‘హై ప్రొటీన్, వెయిట్ లాస్’ అని నా పక్కన రాసి మందుసీసాలా నిలబెట్టేవాళ్లు కూడా ఆ రెండో అంకెను ఒకసారి చూడాలి. మాంసకృత్తులు నాలో ఉన్నమాట నిజమే. తినాలనిపించేది మాత్రం చింతపండు పులుపు, తాలింపు వాసన, కరిగే వెన్న.

కార్డు మీద నాకు కావలసిన చోటు రెండు వరసలే. పైన నా పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో, పలికినట్టుగా. కింద సాదా ఇంగ్లీషులో ఈ వివరం: మెట్టపొలాల గోధుమరంగు పప్పుగింజలను రాత్రంతా నానబెట్టి, గంటల తరబడి మరగించి, చింతపండుతో చిక్కబరిచిన పులుపు చారు, వేడి అన్నంలో కలుపుకుని వెన్నతో తినేది. పాలపదార్థాలు పడనివాళ్లకు వెన్న సంగతి అక్కడే తెలిసిపోతుంది. డల్లాస్‌లో అయినా, న్యూజెర్సీలో అయినా, హైదరాబాదులో అయినా ఇదే రాయవచ్చు. రాశాక వడ్డించేవాళ్లు నన్ను స్టార్టర్లతో కలిపి ముందుగా పంపకూడదు. అన్నం పళ్లెం వచ్చినప్పుడే, దాని పక్కనే, చిన్న గిన్నెలో రావాలి.