హెచ్చుపాట

మా సంఘంలో రెండు రకాల పాటలున్నాయి. ఒకటి కీర్తన, రెండోది వేలంపాట. కీర్తనల పుస్తకంలో రాగం ఇది, తాళం ఇది అని పాట నెత్తినే అచ్చేసి ఉంటుంది. అయినా హార్మోనియం ఒక దారి, మేమొక దారి పోతాం. వేలంపాటకు మాత్రం ఏ పుస్తకమూ లేదు, శ్రుతి తప్పినవాణ్ని ఇంతవరకూ చూడలేదు.

ఈ రెండో పాట ఏడాదికొకసారి, కోత పండగ నాడు వస్తుంది. పంటలో మంచిది ఏరి తెచ్చి దేవుని బల్ల ముందు పెట్టాలి. ఆరాధన అయ్యాక గుడి ఆవరణలోనే వాటిని పాటకు పెడతారు. డబ్బు సంఘానికి. మా ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సువార్త తెచ్చిన దొరలు ఒకరు కాదు. 1853లో స్కడర్ అన్నదమ్ముల ఆర్కాటు మిషన్ మొదలైంది. 1863లో జేకబ్ చేంబర్లీన్ మదనపల్లెలో మకాం పెట్టాడు. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషన్ లూథరన్లు పనిచేశారు. వాళ్లు మాకు చాలా నేర్పారు. ఈ వేలం రుచి మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఈసారి బల్ల ముందు చెనక్కాయల మూట, బెల్లం దిమ్మెలు, అరటిగెల, మదనపల్లె మార్కెట్టుకు పోవలసిన టమోటా పెట్టె ఒకటి, గుమ్మడికాయలు, ఒకే ఒక నిమ్మకాయ, మా కోడిపెట్ట ఉన్నాయి.

ఆ కోడిపెట్ట సంగతి నేనే ముందు చెప్పేస్తాను. రేపు ఇంకెవరో చెబితే బాగుండదు. పండగ ముందురోజు "ఏ కోడినిద్దాం?" అని అడిగితే మా ఆవిడ గంప వైపు చూసింది.

"ఆ నల్లదాన్నిచ్చేద్దాం లెండి. గుడ్లు మానేసి నాలుగు నెల్లయింది. కాలు గూడా కుంటతా ఉంది."

"దేవునికి కుంటిదాన్నిస్తే..." అని నసిగాను.

"దేవుడొచ్చి తింటాడా ఏంది? పాటలో ఎవురో కొంటారు. కొనేవోళ్లు దాని కాలు చూసి కొంటారా, మైకులో పేరు చెప్తారని కొంటారా?"

ఆమె పదో తరగతితో చదువు ఆపేసింది. ఆపకపోయి ఉంటే ఈపాటికి ఏదో ఒక సంఘానికి ట్రెజరరు అయ్యేది.

పాత నిబంధన చివర్లో మలాకీ అనే ప్రవక్త ఉన్నాడు. దాదాపు 2,400 ఏళ్ల కిందటి మనిషి. ఆయనకు కోపం తెప్పించింది సరిగ్గా మా ఇంటి గంప వ్యవహారమే. గుడ్డివీ కుంటివీ జబ్బువీ తెచ్చి బలిపీఠం మీద పెడుతున్నారు గదా, అదే జంతువును తీసుకుపోయి మీ అధికారికి ఇచ్చి చూడండి, మొహం చూస్తాడేమో అన్నాడు. మేము చూడనక్కర్లేదు, మాకు జవాబు తెలుసు. పట్టాదారు పుస్తకం పని మీద ఆఫీసరు ఇంటికి కోడిని పంపేటప్పుడు కాళ్లే కాదు, ఈకలు కూడా లెక్క చూసి పంపుతాం.

అలాగని మాకు శుద్ధి పట్టదనుకోవద్దు. ఆ రాత్రి నా తెల్ల చొక్కాకు ఉజాలా నీళ్లు రెండుసార్లు పట్టాయి. మనిషికి బాప్తిస్మం జన్మకొకసారే. చొక్కాకు ప్రతి శనివారం.

పొద్దున గుడికి పోతే గేటు దగ్గర ఫ్లెక్సీ. అందులో సిలువ బొటనవేలంత, సెక్రెటరీ గారు నిలువెత్తు. లోపల కొత్త ఏర్పాటు కనిపించింది. ముందు వరసలో సోఫాలు, వాటి వెనక గుడ్డ తొడిగిన కుర్చీలు, ఆ వెనక ఉత్త ప్లాస్టిక్ కుర్చీలు, చివర చాపలు. తిరుపతి పక్కన బతికేవాళ్లం, కొండ మీద వీఐపీ బ్రేకు ఉంటుందని పుట్టిన కాన్నుంచీ వింటున్నాం. మనకు మాత్రం ఉండకూడదా అని సంఘ పెద్దలకు అనిపించినట్టుంది. బంగారుటుంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాణ్ని పక్కన నిలబడమనడం తప్పని యాకోబు పత్రికలో ఉంది. ఆ పత్రిక ఆ రోజు చదవలేదు. సోఫాల మీద కూర్చున్నవాళ్లకు అది వినబడేంత దగ్గర కదా, నొచ్చుకుంటారు.

వినబడటం అంటే గుర్తొచ్చింది. మా గుళ్లో అటూ ఇటూ కలిపి రెండొందలమంది పడతాం. స్పీకర్లు ఎనిమిది. నన్నడిగితే బైబిల్లో మొదటి వ్యంగ్య కాలమిస్టు ఏలీయా. కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గొంతు చించుకుంటుంటే, ఇంకాస్త గట్టిగా అరవండయ్యా, మీ దేవుడు ఆలోచనలో ఉన్నాడేమో, ఊరికి పోయాడేమో, నిద్రపోతున్నాడేమో అని ఆటపట్టించాడు. ఆ భాగం మీద మా అయ్యగారు గొప్ప ప్రసంగం చేశారు. ఎనిమిది స్పీకర్లలో. మద్రాసులో ఒక చర్చి మీద కాలనీవాళ్లు ఈ డ్రమ్ముల గోల భరించలేక కోర్టుకు పోతే, పక్కవాడి ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000 ఆగస్టు 30న తేల్చేసింది. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదన్న నియమాలూ ఆ ఏడాదివే. మా వీధిలో గుడికి, మసీదుకు, చర్చికి కుదిరిన సయోధ్య ఒక్కటే. ముగ్గురం దాటుతాం.

ఆరాధన అయ్యింది. పాటకు ముందు ప్రేమ విందు. అందరం ఒకే వరసలో కూర్చుని బిర్యానీ తిన్నాం. ఇందులో విశేషమేముంది అనుకోకండి, ఈ వరస వెనక పెద్ద కథే ఉంది. శుద్ధి అనే మాటకు మన దేశంలో గుండెతో కన్నా గిన్నెతో చుట్టరికం ఎక్కువ. దొరల కాలంలో దక్షిణాదిన ప్రభురాత్రి భోజనపు గిన్నెను ముందు ఏ కులంవాళ్లు ముట్టాలన్న దాని మీదే సంఘాలు చీలేదాకా వచ్చింది. కులాన్ని గుడి బయట వదిలి రావాల్సిందేనని బిషప్ డేనియల్ విల్సన్ 1833లో హుకుం జారీ చేశాడు. 1847లో మదురై అమెరికన్ మిషన్ వాళ్లు ప్రేమ విందునే పరీక్షగా పెట్టారు. అందరితో కలిసి తింటేనే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. చాలామంది ఇంటికే పోయారు, అది వేరే సంగతి.

ఇప్పుడా బాధ లేదు. బిర్యానీ ఎవరి పక్కనైనా తింటాం. నా పక్కన కూర్చున్నాయన కూతురికి సంబంధాలు చూస్తున్నాడు. ఫోనులో ప్రకటన చూపించాడు. ప్రభువు రక్తంలో కడగబడిన వరుడు కావలెను. కింద బ్రాకెట్లో కులం. ఆ రక్తంతో పాటు ఈ రక్తం కూడా కలిస్తే మేలని ఆయన ఉద్దేశం.

"దీంట్లో తప్పేముందన్నా?" అన్నాడు.

"ఏం లేదు, పెరుగు పచ్చడి ఇటు జరుపు" అన్నాను.

ఇక అసలు పాట.

మొదట నిమ్మకాయ. సెక్రెటరీ గారు రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకున్నారు. పది రూపాయల దగ్గర మొదలైంది. వచ్చే నెల కమిటీ ఎన్నికలున్నాయి కాబట్టి, పోటీలో ఉన్న ఇద్దరికీ ఉన్నట్టుండి నిమ్మకాయ మీద మనసైంది.

"ఐదొందలు!"

"దేవునికి మహిమ, వెయ్యి!"

"ఆయన నామానికే స్తోత్రం, రెండు వేలు!"

స్తోత్రం లేకుండా అంకె చెప్పినవాడు లేడు. నాలుగు వేల దగ్గర ఒకాయన నుదురు తుడుచుకున్నాడు. ఐదు వేలకు రెండో ఆయన కొట్టేశాడు. చప్పట్లు. పిండితే ఆ కాయలో రెండు గ్లాసుల షర్బతు కూడా రాదు.

తర్వాత మా కోడి. సెక్రెటరీ గారు అనుభవజ్ఞులు. దాన్ని చంకలో ఇరికించుకుని, కాళ్లు అరచేత్తో మూసి, మెడ మాత్రం జనానికి కనిపించేటట్టు నిలబడ్డారు. "శ్రేష్ఠమైన ఈ నాటుకోడిని సమర్పించిన మన సహోదరుడు..." అని నా పేరు ఎనిమిది స్పీకర్లలో పలికారు. నేను లేచి చేతులు జోడించాను. ఉజాలా చొక్కా ఎండకు ధగధగా మెరిసింది. అపొస్తలుల కార్యాల్లో అననీయ, సప్పీరా అనే మొగుడూ పెళ్లాలున్నారు. ఇచ్చింది కొంత, ఇచ్చామని చెప్పింది అంతా. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు అక్కడికక్కడే పడి చచ్చిపోయారు. స్త్రీల వైపు నుంచి మా ఆవిడ నన్ను చూసింది. బతికే ఉన్నామా అన్నట్టు. ఉన్నాం. కోడి 2,800 పలికింది. పాడినాయన ప్లాట్ల వ్యాపారి. కోడిని ముట్టుకోకుండానే "అయ్యగారింటికి పంపించేయండి" అని చెయ్యి ఊపాడు. మళ్లీ చప్పట్లు.

యెరూషలేము దేవాలయంలో కానుక పెట్టెలు 13 ఉండేవని, మూతి తుతారి ఆకారంలో ఉండేదని యూదుల గ్రంథాలు చెబుతాయి. ఒక విధవరాలు అందులో రెండు చిన్న నాణేలు వేసిన కథ అందరికీ తెలుసు. ఆ చిల్లర తుతారిలో ఎంత మోగి ఉంటుంది! మైకు అందుకోలేనంత.

మా దగ్గర మైకు అందుకోని కానుక ఒకటుంది. పిడికెడు బియ్యం. ఎసట్లో పోసే ముందు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. పోగైనవి ఆదివారం తెచ్చి గోతాంలో పోస్తారు. దాన్ని పాటకు పెట్టరు, పాడేదానికి అందులో ఏమీ లేదు. ఆ రోజు గోతాం పట్టుకునే పని నాది. చాపల వరసలో కూర్చునే అవ్వ హార్లిక్స్ సీసాతో వచ్చింది. నేను చేతిలోకి పోసుకుని చూశాను. ఒక్క రాయి లేదు, వడ్లగింజ లేదు, నూక కూడా లేదు.

"అవ్వా, కొన్న బియ్యమా ఇవి?"

"యాడ కొనేది నాయనా? స్టోరు బియ్యమే. ఏరినా."

"నీకు కండ్లు సరిగా కనపడవు గదా."

"చేటలో పోసుకోని వేళ్లతో తడువుకుంటా ఏరినా. రెండు దినాలు పట్టింది. ప్లాస్టిక్ గింజలు గూడా తీసేసినా."

అవి ప్లాస్టిక్ కావు, రక్తహీనత పోవాలని ప్రభుత్వం నూటికొకటి చొప్పున కలిపిన బలవర్ధక గింజలు. చెప్పబోయి ఊరుకున్నాను.

"ఇంట్లో వండుకునేటివి కూడా ఇట్లే ఏరుకుంటావా?"

అవ్వ నన్ను వింతగా చూసింది. "మనకేమి నాయనా, పంటి కింద రాయొస్తే ఉమ్మేస్తాం. ఆయనకు పెట్టేదాంట్లో ఎట్లుంటుంది రాయి?"

గోతాంలో అప్పటికే మా ఇంటి బియ్యం ఉన్నాయి. అవి ఎట్లాంటివో నాకు తెలుసు. అవ్వ సీసాను వాటి మీదే బోర్లించాను. ఇంకేం చేయాలో తోచలేదు. అటు మైకులో గుమ్మడికాయ పన్నెండొందలు దాటింది.

సాయంత్రం చీకటిపడే వేళకు అయ్యగారి పిల్లోడు సైకిలు మీద వచ్చాడు. హ్యాండిలుకు సంచి, సంచిలో నల్లకోడి.

"అమ్మగారు పంపించినారు. దీని కాలు బాగలేదంట. మీ దగ్గరైతే బాగుంటాదని చెప్పమన్నారు."

మా ఆవిడ మాట్లాడకుండా సంచి అందుకుంది. కోడి దిగి, కుంటుకుంటూ దాని గంప దగ్గరికి అది పోయింది. కాసేపటికి ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని, కాలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోతుందేమోనండీ" అంది.

"వచ్చే పండక్కా?" అన్నాను.

ఆమె తలెత్తలేదు. కోడి ఈకలు సవరిస్తూ కూర్చుంది.