దేవుణ్ణి నమ్మండి, న్యాయం జోలికి పోకండి

దేవుడు మాట తప్పడు. ఈ సంగతి పాడడం తేలిక, దాని వెనకాలే వచ్చే పని కష్టం. పాట వదలకుండా పని ఎగ్గొట్టాలనుకునే కతోలిక కుటుంబాలకు కొన్ని చిట్కాలు:

1. కీర్తన సగంలో ఆపండి. 146వ కీర్తన ఆరో చరణం దాకా హాయిగా ఉంటుంది: భూమ్యాకాశాలు చేసిన దేవుడు, ఎన్నటికీ మాట తప్పనివాడు. అక్కడే ‘ఆమెన్’ అనేయండి. ఏడో చరణంలోకి దిగారా, ఆ మాట ఎవరికిచ్చాడో తెలిసిపోతుంది: అణగారినవాళ్ళకు న్యాయం, ఆకలిగొన్నవాళ్ళకు తిండి, ఖైదీలకు విడుదల. ఇంకా ముందుకెళ్తే పరదేశులు, అనాథలు, విధవరాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు.

2. మరియతల్లి స్తుతిగీతంలో రాగం మీదే మనసు పెట్టండి. అబ్రహాముకిచ్చిన మాట దేవుడు నిలబెట్టుకున్నాడనడానికి ఆ తల్లి చూపిన రుజువు ప్రమాదకరమైనది: పేదల కడుపు నిండింది, ధనవంతులు వట్టి చేతులతో పోయారు. విగ్రహానికి మంచి పట్టుచీర కట్టించండి, ఆ చరణం ఎవరికీ వినపడదు.

3. జీతం పెంచకండి, దానం చేయండి. 1891లో 13వ లియో పోపుగారు ‘రేరుం నొవారుం’ అనే విశ్వలేఖ రాశారు. కూలివాడు ఒప్పుకున్నాడు కదా అని ఎంతో కొంత ఇస్తే చాలదు, దాంతో అతని బతుకు గడవాలి అన్నారు. అదంతా యూరప్ మిల్లుల గొడవ అనండి. పనిమనిషి జీతం పెంచమంటే “ఇంతకే వచ్చేవాళ్ళు బోలెడుమంది” అని చెప్పి, క్రిస్మస్‌కు ఓ పాత చీర, కేకు ముక్క చేతిలో పెట్టండి. జీతం పెంచితే బాకీ తీర్చినట్టే అవుతుంది, పుణ్యం రాదు.

4. గుడి గుమ్మం దగ్గర చెప్పులతోపాటు కులాన్నీ విడవండి. పూజ అయ్యాక ఎవరిది వాళ్ళు తొడుక్కోవచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను ఎస్సీ జాబితాలోకి రానివ్వలేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీసినా వీళ్ళకు తీయలేదు. దానిమీద ధర్నాకు తప్పకుండా వెళ్ళి ముందు వరసలో కూర్చోండి. ఢిల్లీని ఎంత గట్టిగా తిడితే, మన సమాధుల తోటలో ఎవరిని ఏ మూల పూడుస్తున్నామో అంత తక్కువగా కనబడుతుంది. 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య తన దళిత విధాన పత్రంలో, ఈ వివక్ష మన శ్రీసభలోనే ఉందని ఒప్పుకుంది. ఆ పత్రాన్ని బీరువాలో భద్రపరచండి. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు తొలి దళిత కార్డినల్ అయ్యారు. అభినందన ఫ్లెక్సీలో మీ ఫోటో పెద్దదిగా వేయించండి. అమ్మాయికి సంబంధం వచ్చినప్పుడు మాత్రం “కతోలికులే, సరే. ఇంతకీ ఏవిట్లు?” అని అడగడం మరవకండి.

5. పునీతులను పోయాకే మెచ్చుకోండి. ఎల్ సాల్వడార్‌లో పేదల పక్షాన మాట్లాడిన ఆర్చిబిషప్ ఆస్కర్ రొమేరోను 1980 మార్చి 24న, పూజ చేస్తుండగా కాల్చి చంపారు. 2018లో ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. ఇప్పుడిక ఆయన పటం గోడకు తగిలించుకోవచ్చు, భయం లేదు. మీ విచారణ గురువు కౌలు రైతుల గురించి ప్రసంగిస్తే మాత్రం “ఫాదర్ గారికి రాజకీయాలెందుకు?” అని పై వాళ్ళకు ఉత్తరం రాయండి.

ఇవన్నీ పాటిస్తే ఊళ్ళో ఎవరితోనూ పేచీ రాదు. ఒక్కటే చిక్కు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తీర్పు రోజున అడిగేది అన్నం, నీళ్ళు, బట్ట, పరదేశి, రోగి, ఖైదీ గురించే. ఎన్ని కీర్తనలు నోటికొచ్చన్న ప్రశ్న అందులో లేదు.