బీగంచెవి ఇచ్చేసి పోతే ఎట్టా?

మా రోజుల్లో పళ్ళిపట్టులో ఇంటికి పనివాడు వస్తే, పని అయ్యేదాకా ఇంటి మనిషి ఒకరు ఎదురుగా కూర్చునేవాళ్ళు. అది అనుమానం కాదు, పద్ధతి. ఇప్పుడేమో ఇంటికి బీగం వేసి, చెవి పూలకుండీ కింద పెట్టి, "ఏసీ బాగుచేసే అబ్బాయి వస్తాడు, తీసుకుంటాడులే" అని మద్రాసు బస్సెక్కేస్తున్నారు. వచ్చేవాడి పేరేమిటో, ఏ ఊరోడో ఇంటాయనకు తెలీదు. ఫోన్లో ఒక నంబరుంది, అంతే. చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

పెళ్ళి కుదిరిందంటే కంసాలి కుంపటి, ఊదుగొట్టం, త్రాసు తెచ్చుకుని మా తిన్నె మీద కూర్చునేవాడు. బంగారం చేతికిచ్చే ముందు మా అవ్వ గురిగింజలేసి తూకం చూసేది. తరుగెంతో ముందే మాట్లాడుకునేవాళ్ళు. ఆయన కరిగిస్తుంటే అవ్వ గోడకు చేరబడి వత్తులు చేసుకునేది, చూపు మాత్రం కుంపటి మీదే. మధ్యాహ్నం ఆయన అన్నానికి వెళ్తే, ఉన్న బంగారం మళ్ళీ తూచి పెట్టెలో పెట్టి బీగం వేసేది. సాయంత్రం నగ, రవ్వ, పొడి అన్నీ కలిపి ఇంకోసారి తూకం. లెక్క సరిపోయాక కూలి, తాంబూలం. ఆయన ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. ఎదురుగా తూచిన సొమ్ము మీద రేపు ఎవరూ తనను మాట అనలేరని ఆయనకు తెలుసు.

1960 ఏప్రిల్ 1న మా ప్రాంతాన్ని చిత్తూరు జిల్లా నుంచి తీసి మద్రాసు రాష్ట్రంలో కలిపారు. రాష్ట్రం మారింది, కచేరీ భాష మారింది, ఈ పద్ధతి మాత్రం మారలేదు. ఆడికృత్తికకు ఊరంతా తిరుత్తణి కొండకు పోయినా, వీధికొక ముసలావిడ తిన్నె మీద ఉండేది. కొత్త ముఖం కనపడితే "ఎవురు నాయనా, ఎవురింటికి?" అని అడిగేది. ఇప్పుడు తిన్నెలు కొట్టేసి కార్లు నిలుపుతున్నారు. పిల్లలు శ్రీపెరంబుదూరు కంపెనీల్లో, బెంగళూరులో ఉన్నారు. అడిగేవాళ్ళు లేరు.

పైగా అప్పట్లో కళాయి పూసేవాడికీ, బావి పూడిక తీసేవాడికీ, కొబ్బరికాయలు దించేవాడికీ పని దొడ్లోనే. నడిమింట్లోకి రావలసిన అవసరమే లేదు. ఇప్పటి యంత్రాలు ఎక్కడున్నాయి? ఏసీ పడకగదిలో, గీజరు బాత్రూములో, నీళ్ళు శుద్ధిచేసే మిషను వంటింట్లో. పనివాడు బీరువా పక్కనే నిలబడి పనిచేయాలి. జాగ్రత్త పెరగాల్సిన కాలంలో జాగ్రత్త వదిలేశాం.

మా వీధిలోనే ఒకరింట్లో ఎవరూ లేనప్పుడు ఒక కుర్రాడు వచ్చి మిషను బాగుచేసి పోయాడు. మర్నాడు గొలుసు కనపడలేదన్నారు. ఆ అబ్బాయిని పోలీసు స్టేషనులో పొద్దంతా నిలబెట్టారు. చివరికి గొలుసు కోడలి పుట్టింట్లో ఉందని తేలింది. క్షమించమని ఒక్కరూ అడగలేదు. ఇల్లు వదిలేసి పోవడం ఎంత తప్పో, ఆధారం లేకుండా కష్టజీవిని దొంగ అనడం అంతకన్నా పెద్ద తప్పు. మనం దగ్గరుంటే మన సొమ్మూ నిలుస్తుంది, అతని పేరూ నిలుస్తుంది.

నగలకు మెరుగు పెడతామని వచ్చేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళను గడప దాటనివ్వకండి. నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు కలిపిన ద్రవంలో బంగారం కరిగిపోతుంది. గొలుసు తళతళలాడుతూ చేతికొస్తుంది, తూకం మాత్రం తగ్గి ఉంటుంది.

ఇక చేయాల్సినవి చెబుతాను. మీరు లేని రోజున పని పెట్టుకోవద్దు. తప్పదంటే అన్ననో, వదిననో, నమ్మకమైన పక్కింటివాళ్ళనో కూర్చోబెట్టండి. వచ్చినవాడి గుర్తింపు కార్డు చూసి, వాళ్ళ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. పని ఉన్న గది ఒక్కటే తెరవండి. బీరువాచెవి బీరువాకే వేలాడనివ్వకండి. బాత్రూములో ఉంగరం, బల్లమీద పర్సు ముందే తీసేయండి. ఎప్పుడు తిరిగొస్తారో ఎవరికీ చెప్పవద్దు. తమిళనాడులో కరెంటు రీడింగుకు రెండు నెలలకోసారి వస్తారు, మీటరు బయటి గోడకు ఉంటే వాళ్ళు లోపలికి రానక్కర్లేదు.

వాడని నగలు బ్యాంకు లాకరులో పెట్టండి. అక్కడ కూడా ఒకటి తెలుసుకోవాలి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. అందుకని ప్రతి నగకూ ఫోటో, తూకం, బిల్లు విడిగా దాచుకోండి. ఊరెళ్ళేటప్పుడు పోలీసు స్టేషనులో ఒక మాట చెప్పి వెళ్ళండి. సరిహద్దు అవతల ఆంధ్రలో అయితే, కోరితే బీగం వేసిన ఇంట్లో పోలీసులే కెమెరా పెట్టే ఏర్పాటుంది.

కెమెరా జరిగింది చూపిస్తుంది గానీ, "ఎవురు నాయనా?" అని అడగదు. అడగాల్సింది మనమే. ఇంటికి పనివాణ్ణి పిలిచిన రోజున ఒక పూట సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. అతనికి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, దగ్గరుండి పని చేయించుకోండి.