సిలబస్ అయింది, ఇంగ్లీషు మిగిలింది

ఏం బిడ్డా, బీఈడీ చదివి, టెట్ గట్టెక్కి, డీఎస్సీలో పోస్టు కొట్టి ఇంగ్లీషు సారువయ్యావట. సంతోషం. కాని దసరా సెలవులైన రెండో వారం మంగళవారం నాడు ఏడో తరగతికి ఏ పేజీలో ఏ పేరా చెప్పాలో జూన్ నెలలోనే రాసి పెట్టుకున్నావు చూడు, నాకు మండేది అక్కడ. ఆ రోజు వాన కొడుతుందో, ముందు పాఠం పిల్లలకు ఎక్కి ఉంటుందో లేదో, సగం మంది జ్వరాలతో ఇంట్లోనే ఉంటారేమో, నీకెట్లా తెలుసు? నీ చేతికి ఆ కాగితం ఇచ్చినవాళ్లకు మాత్రం ఏం తెలుసు? అయినా వాళ్లు రాశారు, నువ్వు సంతకం పెట్టావు.

మా రోజుల్లో సిలబస్ లేదనడం లేదు. ఉండేది. పుస్తకం సర్కారుదే, పాఠాలు సర్కారువే, పరీక్ష సర్కారుదే. ఏడో తరగతికి కామన్ పరీక్ష అని ఒకటి ఉండేది, దానికి పిల్లలకంటే మేమే ఎక్కువ భయపడేవాళ్లం. కాని ఆ పుస్తకం సన్నగా ఉండేది. నలుపు తెలుపు అచ్చు, మధ్యలో గీతల బొమ్మలు. పై తరగతులకు నాన్‌డిటెయిల్డ్ అని ఇంకో సన్నటి కథల పుస్తకం. అంతే. పుస్తకం సన్నగా ఉండడంలోనే ఉంది సుఖమంతా. ఒక పాఠం దగ్గర పది రోజులు కూర్చున్నా కొంప మునిగేది కాదు.

అప్పటి శేరిలింగంపల్లి నీకు తెలియదు. నువ్వు పుట్టేసరికే అక్కడ అద్దాల మేడలు లేచాయి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించేదాకా మాదాపూర్ అంటే బండరాళ్లు, తుమ్మచెట్లు, మేకల మందలు. గచ్చిబౌలి వైపు హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఒకటి, ఆ తర్వాత ఎటు చూసినా రాళ్ల గుట్టలే. లింగంపల్లిలో బస్సు దిగి, దుమ్ములో నడుచుకుంటూ జిల్లా పరిషత్ హైస్కూలుకు పోయేవాడిని. ఆరో తరగతికి వచ్చే పిల్లల్లో ఏబీసీడీలు తిన్నగా రాయలేనివాళ్లే ఎక్కువ. జూన్‌లో రావాల్సిన పుస్తకాలు వానాకాలం సగమయ్యాక వచ్చేవి. అదీ మంచికే అనుకునేవాడిని. పుస్తకం లేని ఆ రెండు నెలలు పిల్లలను బడి వెనక గుట్ట దగ్గరికి తీసుకుపోయి, ‘దిస్ ఈజ్ ఎ రాక్, దట్ ఈజ్ ఎ ట్రీ’ అని మొదలుపెట్టేవాడిని. చేతికందే దూరంలో ఉన్నది దిస్, అటు దూరంగా ఉన్నది దట్. బోర్డు మీద చెబితే వారం పట్టేది, బండ మీద చెయ్యి వేసి చెబితే ఒక్క పొద్దులో వచ్చేది. మేకలు కదిలితే ‘ద గోట్స్ ఆర్ గోయింగ్’, కనిపించకుండా పోతే ‘ద గోట్స్ హావ్ గాన్’. అట్లా వచ్చిన టెన్సులు జన్మలో పోతాయా? ఆ గుట్ట ఇప్పుడు లేదులే, పేల్చి పునాదులు తవ్వారు.

మేమేదో తోచినట్టు చెప్పామని అనుకోకు. ఇంగ్లీషు ఎట్లా చెప్పాలో దేశానికి నేర్పిన సంస్థ మన ఊళ్లోనే ఉంది. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. 1972లో పరాయి దేశాల భాషలు కూడా చేర్చి సీఫెల్ అన్నారు, 2007లో ఇఫ్లూ అని కేంద్ర విశ్వవిద్యాలయం చేశారు. తార్నాక వైపు పోతే ఇప్పటికీ కనిపిస్తుంది. అక్కడినుంచి మాకు వచ్చిన పద్ధతిని స్ట్రక్చరల్ అప్రోచ్ అనేవాళ్లు. ముందు ఏ వాక్యం, తర్వాత ఏ వాక్యం, పాఠానికి ఎన్ని కొత్త మాటలు, అన్నీ లెక్క ప్రకారం. తేలిక వాక్యం నోటికి ఎక్కాకనే బరువైనది ఎత్తుకోవాలి. బోర్డు మీద గళ్లు గీసి, ఒక గడిలో కర్త, ఒక గడిలో క్రియ, ఒక గడిలో కర్మ రాసి, క్లాసంతా ఒక్క గొంతుతో వాక్యాలు అల్లుతుంటే వరండాలో పోయే అటెండరు కూడా గొంతు కలిపేవాడు. మెకానికల్ డ్రిల్లు అని ఇప్పుడు ఈసడిస్తారు. ఈసడించుకోండి. ఆ డ్రిల్లు చేసిన పిల్లవాడు ‘హీ డోంట్ నో’ అనడు.

ఇంకొకటి. అప్పట్లో చాలా బళ్లలో ఇంగ్లీషుకని వేరే పంతులు ఉండేవాడు కాదు. సోషల్ సారే ఇంగ్లీషూ చెప్పేవాడు. పొద్దున అక్బరు, మధ్యాహ్నం ఆర్టికల్సు. 1930ల్లో రెన్, మార్టిన్ ఇద్దరూ కలిసి రాసిన గ్రామరు పుస్తకం అట్టలు ఊడిపోయి, దారంతో కుట్టి, స్టాఫ్ రూమ్ బీరువాలో ఉండేది. దాన్ని ముట్టుకోవాలంటే సీనియర్ సారు అనుమతి కావాలి. సాయంత్రం బడి అయ్యాక అందులోంచి పది వాక్యాలు మేమే ఒకరికొకరం ఇచ్చుకుని చేసేవాళ్లం, పిల్లలకు చెప్పబోయే ముందు. ఇప్పుడు ప్రతి సబ్జెక్టుకూ ప్రత్యేకంగా టీచరున్నారు. ప్రతి టీచరు చేతిలో ఫోనుంది. సాయంత్రం కూర్చుని పది వాక్యాలు చేసుకునే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

తర్వాత మార్పులొచ్చాయి. 2005లో ఢిల్లీలో జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం అన్నారు, 2011లో దాన్ని చూసి మన రాష్ట్రం చట్రం అన్నారు, ఆ వెంటనే ‘అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లీష్’ అని కొత్త పుస్తకాలు ఇచ్చారు. రంగుల బొమ్మలు, మంచి కాగితం. యూనిట్లో ఏ, బీ, సీ అని మూడు చదవాల్సినవి, వాటికి వొకాబులరీ, గ్రామర్, రైటింగ్, లిజనింగ్, స్టడీ స్కిల్స్, చివర ప్రాజెక్టు. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. బట్టీ పట్టే చదువు పోవాలి, పిల్లవాడు సొంతంగా ఆలోచించి రాయాలి అన్నారు. అందులో తప్పుపట్టేదేం లేదు. కాని ఏం జరిగింది? డిస్కోర్స్ అంటూ డైరీ రాయి, లేఖ రాయి, సంభాషణ రాయి, వర్ణన రాయి అని పురమాయించారు. నెల తిరక్కుండానే వాటన్నిటికీ తయారు జవాబులతో గైడ్లు బజార్లోకి వచ్చాయి. ఇదివరకు ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టేవాళ్లు, ఇప్పుడు సొంత ఆలోచనలు బట్టీ పడుతున్నారు.

ఆపైన రికార్డులు. నాలుగు ఎఫ్ఏలు (ఫార్మెటివ్ అసెస్‌మెంట్లు), రెండు ఎస్ఏలు (సమ్మెటివ్ అసెస్‌మెంట్లు). ఒక్కో ఎఫ్ఏకు పిల్లల ప్రతిస్పందనలు, రాత పని, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు, వేరువేరుగా మార్కులు. ఇన్ని సెక్షన్లు, ఇంతమంది పిల్లలు, లెక్క వేసుకో. అదంతా నువ్వు మళ్లీ ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. పిల్లవాడి ముఖం చూసే టైములో సగం వాడి మార్కుల గడి చూడడానికే పోయింది. మా హెడ్మాస్టరు క్లాసు గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు వింటే చాలు, పిల్లలు ఎక్కడున్నారో, పంతులు ఎక్కడున్నాడో చెప్పేసేవాడు. ఇప్పుడు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు ముందు ఫైలు అడుగుతారు. పిల్లలను అడిగేది టైముంటేనే.

సర్కారు బడి సంగతి అట్లా ఉంచు. నల్లగండ్ల, తెల్లాపూర్, కోకాపేట వైపు గేటెడ్ కమ్యూనిటీల పిల్లలు పోయే బళ్లు చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. కొన్నిచోట్ల బ్రాంచీలన్నిటికీ హెడ్డాఫీసు నుంచే ఒకే లెసన్ ప్లాన్ వస్తుందట. మియాపూర్‌లో ఆ పొద్దు ఏ పేరానో, కొండాపూర్‌లోనూ అదే పేరా. టీచరమ్మ దాటకూడదు, ఆగకూడదు. అయిందో లేదో ఫోనులో టిక్కు పెట్టాలి. ఆ అమ్మాయి ఎంఏ ఇంగ్లీషు చదివింది, ఆమెకు సొంత బుర్ర ఉంది. దానికి పనేది? సీబీఎస్ఈ పుస్తకాలూ నిలకడగా లేవు. ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి ‘హనీసకిల్’ అని ఏళ్ల తరబడి నడిపింది. 2020 కొత్త విద్యా విధానం వచ్చాక 2024లో దాన్ని తీసేసి ‘పూర్వి’ తెచ్చింది, మరుసటి ఏడు ఏడుకూ ఎనిమిదికీ మార్చింది. ఒక పుస్తకంతో పదేళ్లు కాపురం చేస్తేనే పంతులుకు అందులో ఎక్కడ పిల్లలు నవ్వుతారో, ఎక్కడ తడబడతారో తెలుస్తుంది.

ఆ గేటెడ్ కమ్యూనిటీల పిల్లలు మాట్లాడతారు, కాదనను. బ్రహ్మాండంగా మాట్లాడతారు. లిఫ్టులో నన్ను చూసి ‘హాయ్ అంకుల్’ దగ్గర మొదలుపెట్టి గ్రౌండ్ ఫ్లోర్ వచ్చేసరికి వాళ్ల వీడియో గేమ్ కథంతా ఇంగ్లీషులో చెప్పేస్తారు. అదే పిల్లవాడికి ఒక్క పేజీ కథ ఇచ్చి కూర్చోబెట్టు. పది వరుసల తర్వాత కళ్లు ఎటో పోతాయి. ఒక పేరా రాయమను. ఫుల్‌స్టాప్ ఉండదు, కాపిటల్ అక్షరం ఉండదు. చేతిరాత సంగతి ఎత్తకపోవడమే మేలు. నాలుగు గీతల కాపీ పుస్తకంలో సిరా పెన్నుతో రోజుకో పేజీ రాయించేవాళ్లం మేము. రాసేటప్పుడు ప్రతి మాటా చేతిలోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి మనసులో నిలబడుతుంది. ఇప్పుడు హోంవర్కు చాట్‌జీపీటీ రాస్తుంది, అమ్మ ప్రింటు తీస్తుంది, టీచరు ‘వెరీ గుడ్’ అని పెడుతుంది. ఇందులో నేర్చుకున్నవాళ్లు ఎవరు బిడ్డా?

ఇట్లా మొదలుపెడితే మా మనవరాలు ఊరుకోదు. రాయదుర్గంలో ఏదో కంపెనీలో ఉద్యోగం దానికి. ‘తాతయ్యా, మీ రోజుల్లో పదో తరగతిలో పిల్లలు ఎక్కువగా ఏ సబ్జెక్టులో తప్పేవాళ్లు?’ అంటుంది. ఇంగ్లీషులోనే. నాకు తెలుసు, దానికీ తెలుసు. మొన్నొకసారి హైటెక్ సిటీ మెట్రో స్టేషను కింద నా పాత విద్యార్థి కనబడ్డాడు. క్యాబ్ నడుపుతున్నాడు. కాళ్లకు దండం పెట్టాడు. ఇంగ్లీషు బోర్డులన్నీ చదువుతాడు, లెటరు కూడా రాస్తాడు, కాని పరాయి రాష్ట్రం వాళ్లు కారెక్కితే నోరు పెగలదు సార్ అన్నాడు. వాణ్ణి మాట్లాడించే పాఠం మా పుస్తకంలోనూ లేదు, పరీక్షలోనూ లేదు. ఆ లోటు నిజం. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అయినా నా మాట నాదే. వాడికి లేనిది మాట్లాడే అలవాటు. ఇప్పటివాళ్లకు లేనిది నిలబడి చదివే ఓపిక. మొదటిది ఆరు నెలల్లో వస్తుంది. రెండోది చిన్నప్పుడు రాకపోతే పెద్దయ్యాక తెచ్చుకోవడం మహా కష్టం.

2022లో తెలంగాణ సర్కారు బళ్లన్నిటిలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం తెచ్చారు. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క అదే పాఠం తెలుగులో. మంచి ఆలోచన అది. ఆ అద్దాల మేడల్లో కూర్చునేవాళ్ల పిల్లలకు దొరికే భాష, వాటికి ఇటుకలు మోసినవాళ్ల పిల్లలకు ఎందుకు దొరకకూడదు? దొరకాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. కాని ఒక్కసారి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు సర్కారు బడికి పోయి ఆరో తరగతిలో కూర్చో. పాలమూరు నుంచి వచ్చిన కూలీల పిల్లలు, ఒడిశా పిల్లలు, బీహారు పిల్లలు, ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు, ఉర్దూ పిల్లలు. ఒడిశా పిల్లకు ఎదురు పేజీలో ఉన్న తెలుగూ అర్థం కాదు. బిల్డింగు పని అయిపోతే తల్లిదండ్రులు ఇంకో సైటుకు పోతారు, పిల్ల ఇంకో బడికి పోతుంది. అట్లాంటి క్లాసులో ఏ పంతులైనా మొదట చేయాల్సింది ఆగడం. ఎవరు ఎక్కడున్నారో చూడడం. బండ మీద చెయ్యి వేయించి దిస్ అనిపించడం. ప్లాన్ మాత్రం పదో తారీఖుకు రెండో యూనిట్ అంటుంది.

సిలబస్ పూర్తి చేయొద్దని నేననను. పరీక్షలున్నాయి, పైఅధికారులున్నారు, నీ ఉద్యోగం ఉంది. నేనడిగేది వారానికి ఒక్క పీరియడు. శనివారం ఆఖరిది తీసుకో, ఆ పీరియడు మీద ఎవరికీ ఆశ ఉండదు. ప్లాన్ మూసెయ్యి, ఫోను సంచిలో పెట్టు. లైబ్రరీ బీరువాలో తాళం వేసిన కథల పుస్తకాలుంటాయి, తాళంచెవి అడిగి తీసుకో. ఒక కథ నువ్వే పైకి చదువు, నెమ్మదిగా. పిల్లలు నవ్వితే ఆగు, అర్థం కాకపోతే వాళ్ల భాషలో ఒక మాట చెప్పి మళ్లీ చదువు. తర్వాతి పేజీ వాళ్లలో ఒకరిచేత చదివించు. తప్పు చదివితే దిద్దకు, పూర్తయ్యేదాకా విను. ప్రశ్నలు అడగకు, మార్కులు వేయకు, రికార్డులో రాయకు. ఎవరైనా వచ్చి ఇదేమిటని అడిగితే ఇంగ్లీషు చెబుతున్నానని చెప్పు.